పాకాల రాళ్ళలో ఫొరామ్‌లు దొరకవు: పాత సముద్రపు ఆక్సిజన్‌ను సూక్ష్మశిలాజాలతో అంచనా కట్టడం గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు కుదించి చెప్తాను. హనుమకొండలో ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాది చదువుతున్నావు. నర్సంపేట, ములుగు వైపు పాకాల సున్నపురాళ్ళు, షేల్‌లు (బురద గట్టిపడి పొరలుగా మారిన రాళ్ళు) ప్రాజెక్టుకు తీసుకున్నావు. అవి లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నవని చదివావు. ఫొరామినిఫెరా, అంటే గవ్వ కట్టుకునే ఏకకణ సముద్రజీవులు (మనం ఫొరామ్‌లంటాం), వాటి గవ్వలు లెక్కపెట్టి ఒక సూత్రంలో వేస్తే ఆనాటి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో తేలుతుందని విని, ఆ సూత్రం ఎక్సెల్‌లో తయారుగా పెట్టుకున్నావు. తీరా రాయి దంచి పెరాక్సైడ్‌లో నానబెడితే ఒక్క గవ్వా రాలేదు. ఎక్కడ తప్పు జరిగిందని అడిగావు. గోదావరి లోయలోని కోటా సున్నపురాయిలో ఆస్ట్రకాడ్‌లు (రెండు చిప్పల మధ్య బతికే చిన్న రొయ్యజాతి జీవులు) దొరుకుతాయట, వాటితోనైనా పని అవుతుందా అని కూడా అడిగావు.

నానబెట్టడంలో తప్పేమీ లేదు. ఆ రాళ్ళు పేరుకునే నాటికి ఫొరామ్‌లే పుట్టలేదు. అవి శిలాజాలుగా కనబడటం మొదలయ్యేది సుమారు 54 కోట్ల ఏళ్ళ కిందట, కేంబ్రియన్‌తో. అప్పుడు కూడా రేణువులు అతికించుకున్న సాదా గొట్టాల్లాంటివే ఉండేవి. నీ ఎక్సెల్‌లో ఉన్న సూత్రానికి కావలసిన సున్నపు గవ్వల జాతులు క్రెటేషియస్ (డైనోసార్ల చివరి కాలం) నుంచి ఇటువైపువి. పాకాల రాళ్ళ కింది భాగం మల్లంపల్లి పేరుతోనూ, పై భాగం ములుగు పేరుతోనూ పుస్తకాల్లో ఉంటుంది. వాటిలోని గ్లాకోనైట్ ఖనిజం మీద తీసిన తేదీలు 150 కోట్ల ఏళ్ళు దాటుతున్నాయి. మధ్యలో దాదాపు వంద కోట్ల ఏళ్ళ ఎడం. ఆ రాళ్ళకు పాకాల పేరు పెట్టి మొదట పటం గీసింది 19వ శతాబ్దపు జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్. కాకతీయుల చెరువు పేరు అంత ముసలి సముద్రానికి దక్కడం నాకు ఎప్పుడూ ముచ్చటే.

అలాగని సూత్రాన్ని పక్కన పారెయ్యకు. రేపు ఓఎన్‌జీసీలోనో తీరప్రాంతపు ప్రాజెక్టులోనో చేరితే అదే నీకు అన్నం పెడుతుంది. అందుకే ముందు అది పనిచేసే తీరు, లోతు తక్కువ సముద్రంలో అది బోల్తా పడే చోట్లు చెప్తాను. తర్వాత పాకాల దగ్గరికి వద్దాం.

ఎండాకాలం చివర్లో మన ఊరి చెరువులో నీళ్ళు అడుగంటి పచ్చగా మారాక, ఒక తెల్లవారుజామున బొచ్చెలు, రవ్వలు తేలిపోతాయి, కొర్రమీను మాత్రం బతికే ఉంటుంది. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. కొర్రమీను కనబడిందని ఆ చెరువులో ఆక్సిజన్ లేదని తేల్చేస్తావా? తేల్చలేవు. నిండు చెరువులోనూ అది హాయిగా ఉంటుంది. బొచ్చెలు, రవ్వలు లేకుండా కొర్రమీను ఒక్కటే మిగిలితే అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా అవి ఆక్సిజన్ చాలక పోయాయో, అసలు ఆ ఏడు పిల్లలే వదల్లేదో విచారించాలి. ఫొరామ్‌లతో ఆక్సిజన్ చదవడం కూడా ఈ తర్కమే. ఓర్చుకునే జాతి ఉండటం పెద్ద సాక్ష్యం కాదు. ఓర్చుకోలేని జాతి లేకపోవడమే సాక్ష్యం, అదీ వేరే కారణాలు కొట్టేశాకే.

ఇప్పుడు సూత్రం. 1994లో జపాన్ శాస్త్రవేత్త కునియో కైహో దీన్ని బీఎఫ్‌ఓఐ (అడుగున బతికే ఫొరామ్‌ల ఆక్సిజన్ సూచీ) పేరుతో ఇచ్చాడు. సముద్రపు అడుగున బతికే ఫొరామ్‌లను మూడు వర్గాలు చేశాడు. ఆక్సిజన్ బాగా కావలసినవి ‘ఓ’, మధ్యరకం ‘ఎస్’, చాలా తక్కువలోనూ బతికేవి ‘డీ’. సిబిసిడాయిడెస్ లాంటి పెద్ద, మందపాటి గవ్వలు మొదటి వర్గం. యువిజెరినా, బులిమినా మధ్యరకం. పల్చగా, పొడుగ్గా ఉండే బొలివినా, గ్లోబోబులిమినా, కిలోస్టొమెల్లా మూడోది. ఓ సంఖ్యను ఓ, డీల మొత్తంతో భాగించి 100తో గుణిస్తే సూచీ వస్తుంది. ఓ అసలే లేకపోతే ఎస్‌ను ఎస్, డీల మొత్తంతో భాగించి, అందులోంచి 1 తీసేసి, 50తో గుణిస్తారు. అది ఎప్పుడూ సున్నా లేదా రుణసంఖ్య. సూచీ 50 దాటితే లీటరు నీటికి 3 మి.లీ. పైన ఆక్సిజన్, 0 నుంచి 50 వరకు 1.5 నుంచి 3, సున్నా నుంచి రుణ 40 వరకు 0.3 నుంచి 1.5, ఆ కింద 0.1 నుంచి 0.3. పోల్చుకోవడానికి ఒక సంఖ్య గుర్తు పెట్టుకో: 28 డిగ్రీల వేడి ఉన్న మామూలు సముద్రపు నీరు గాలి నుంచి పీల్చుకోగలిగినంత పీల్చుకుంటే లీటరుకు 4.5 మి.లీ. దగ్గర ఉంటుంది. మి.లీ.ని మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే 1.43తో గుణించు.

కాగితం మీద ముచ్చటగానే ఉంది. ఒక ఊహాత్మక లెక్క చేసి చూడు. ఒక నమూనాలో 300 గవ్వలు ఏరావు: ఓ 60, ఎస్ 150, డీ 90. సూచీ 40. అంటే ఆక్సిజన్ ఓ మోస్తరు. అదే మట్టిని 63 మైక్రాన్ల జల్లెడకు బదులు 150 మైక్రాన్ల జల్లెడలో కడిగావనుకో. బొలివినా లాంటి సన్నవి నీళ్ళతో కిందికి పోతాయి. డీ 90 కాస్తా 20 అయి, ఓ అట్లాగే 60 నిలిచిందనుకుంటే సూచీ 75. మట్టి ఒకటే, సముద్రం ఒకటే, జల్లెడ మారేసరికి ఆక్సిజన్ ఒక మెట్టు ఎక్కింది. అందుకే ఎవరి పట్టికైనా చేతికొస్తే నేను మొదట చూసేది జల్లెడ కొలత. అది రాయకుండా సూచీ మాత్రమే ఇచ్చిన నివేదికను నేను పక్కన పెట్టేస్తాను, రాసింది ఎంత పెద్దవాళ్ళైనా సరే.

రెండో గండం ఇంకా చిక్కు. ఓ సున్నా, ఎస్ 150, డీ 90 అయితే సూచీ రుణ 18.75. ఇప్పుడు తీరం దగ్గరి గడ్డి మీద బతికే ఒకే ఒక్క గవ్వ అలకు కొట్టుకొచ్చి నీ నమూనాలో పడింది, దాన్ని నువ్వు ఓ వర్గంలో వేశావు. ఓ 1, డీ 90: సూచీ 1.1. ఒక్క గవ్వతో రుణం ధనమైంది, వర్గం మారింది. సూత్రంలో సున్నా దగ్గర ఉన్న ఈ అతుకు లోతు సముద్రంలో అంతగా బాధించదు, అక్కడికి కొట్టుకొచ్చేవి తక్కువ. లోతు తక్కువ సముద్రంలో తుపాను వస్తే అడుగంతా తిరగబడుతుంది. అందుకే ఒక గవ్వ నమూనాలోకి చేరే ముందు దాని ఒళ్ళు చూడు: అంచులు అరిగాయా, మెరుపు పోయిందా, గదులు విరిగాయా, లోపల వేరే రంగు మట్టి నిండిందా? అలాంటివి వేరే గడిలో వేసి లెక్కలో కలపకు. 2022లో ఆస్ట్రియా పరిశోధకులు ఈ సూచీని సవరించి ప్రచురించారు, దాన్ని కూడా చదువు. కానీ కొట్టుకొచ్చిన గవ్వను ఏ సవరణా పసిగట్టదు, అది నీ కంటి పనే.

తీరం దగ్గరి నీళ్ళకు ఇంకో చిన్న కొలత ఉంది. అమోనియా, ఎల్ఫిడియం అనే రెండు జాతుల నిష్పత్తి. అమోనియా సంఖ్యను రెండింటి మొత్తంతో భాగించి 100తో గుణించడమే. 1990లలో అమెరికాలోని లూసియానా తీరంలో బరుణ్ సేన్ గుప్తా బృందం దీన్ని వాడింది. మిసిసిపి నది మోసుకొచ్చే ఎరువుల వల్ల 20వ శతాబ్దంలో అక్కడ అడుగు నీళ్ళలో ఆక్సిజన్ ఎలా తగ్గుతూ వచ్చిందో చూపించింది. ఎల్ఫిడియం కంటే అమోనియా ఆక్సిజన్ కొరతను బాగా తట్టుకుంటుంది, అదీ ఆధారం. పని చక్కటిది. అలాగని ఆ కొలతను తెచ్చి గోదావరి ముఖద్వారంలో పెడితే బోర్లా పడతావు. నది నీళ్ళు కలిసి ఉప్పు తగ్గినా అమోనియా పెరుగుతుంది. వరద ఎక్కువైన ఏడు ఉప్పూ తగ్గుతుంది, ఎరువులూ వస్తాయి, ఆక్సిజనూ పడిపోతుంది. మూడూ కలిసి కదిలేటప్పుడు నిష్పత్తి దేని గురించి చెప్తున్నదో గవ్వ సంఖ్యల నుంచి విడదీయలేవు. ఉప్పు సంగతి గవ్వల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల నుంచో, వెంట ఉన్న ఇతర జీవుల నుంచో వేరుగా తెచ్చుకోవాలి.

తిండి సంగతి ఇంతకంటే పెద్దది. 1995లో యోరిసెన్ అనే పరిశోధకుడు, సహచరులు ఒక సిద్ధాంత నమూనా ఇచ్చారు, ట్రాక్స్ అంటారు. అడుగు మట్టిలో ఫొరామ్‌లు ఎంత లోతుకు దిగి బతుకుతాయనేది ఆక్సిజన్, తిండి రెండూ కలిసి నిర్ణయిస్తాయని దాని సారాంశం. తిండి తక్కువైతే ఆక్సిజన్ ఉన్నా కిందికి దిగవు, కింద తినేదేమీ లేదు గనుక. తిండి మరీ ఎక్కువైతే అది కుళ్ళి ఆక్సిజన్‌ను తినేస్తుంది, అప్పుడు కూడా కింద బతకలేవు. బొలివినాలు గుంపులుగా కనబడ్డాయంటే అవి ఆక్సిజన్ లేక మిగిలిపోయినవా, తిండి కోసం వచ్చి చేరినవా? రెండూ నిజం కావచ్చు. లోతు తక్కువ సముద్రంలో నది, చిత్తడి, గడ్డి అన్నీ తిండి పోసేవే కాబట్టి ఈ ప్రశ్న అక్కడ తప్పదు.

దీని మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన మా తరానికి గట్టి కుదుపు. గ్లోబోబులిమినాలో ఒక జాతి ఆక్సిజన్ లేని మట్టిలో బతకడానికి నైట్రేట్‌ను తన కణంలోనే దాచుకుని, దాన్ని నత్రజని వాయువుగా మార్చి శ్వాస నడుపుకుంటుందని తేలింది. అంతవరకు ఈ పని బాక్టీరియాలదే అనుకునేవాళ్ళం. ఆ తర్వాత ఇంకా ఎన్నో జాతుల్లో అదే కనబడింది. అంటే డీ వర్గం గవ్వల సంఖ్య ఆక్సిజన్ గురించి చెప్తున్నదా, నైట్రేట్ గురించి చెప్తున్నదా అన్న ప్రశ్న కొత్తగా వచ్చి కూర్చుంది. కొందరు బొలివినా గవ్వ మీది సన్న రంధ్రాల సాంద్రత నుంచి నైట్రేట్ చదివే ప్రయత్నం చేస్తున్నారు. కుదురుకుంటే మంచి పనిముట్టే అవుతుంది.

చివరగా కాలం. తీరపు మట్టిలో ఒక సెంటీమీటరు మందం పేరుకునేలోపు పురుగులు, పీతలు దాన్ని ఎన్నోసార్లు కలియబెడతాయి. నువ్వు గరిటెతో తీసిన పిడికెడు మట్టిలో దశాబ్దాల, ఒక్కోసారి శతాబ్దాల గవ్వలు కలిసి ఉంటాయి. మన దేశపు పడమటి తీరంలో నైరుతి రుతుపవనాల కాలం నుంచి నవంబరు దాకా అడుగు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, మిగతా నెలల్లో మళ్ళీ కోలుకుంటుంది. అక్కడి మట్టిలో మంచి నెలల గవ్వలూ చెడ్డ నెలల గవ్వలూ పక్కపక్కనే ఉంటాయి. సూచీ 40 అని వస్తే ఏడాది పొడుగునా ఓ మోస్తరు ఆక్సిజన్ ఉందని అర్థం చేసుకోకు. ఎనిమిది నెలలు బాగుండి నాలుగు నెలలు ఊపిరాడక ఉన్నా అదే అంకె రావచ్చు. జీవులకు ఈ రెండూ ఒకటి కావు.

కాబట్టి గవ్వల పక్కన ఇంకో సాక్షి ఉండాలి. నేనైతే కనీసం రెండు అడుగుతాను. మొదటిది రాయి నిర్మాణం: అడుగున పురుగుల బొరియలు ఉన్నాయా, సన్న పొరలు చెదరకుండా నిలిచాయా అన్నది. రెండోది పైరైట్, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. ఆక్సిజన్ లేకుండా హైడ్రోజన్ సల్ఫైడ్ నిండిన నీళ్ళలో పైరైట్ సన్న గుత్తులుగా ఏర్పడి రాలుతుంది, వాటి సగటు వ్యాసం 5 మైక్రాన్ల లోపే ఉంటుంది. మట్టిలో నెమ్మదిగా పెరిగినవి పెద్దగా, రకరకాల సైజుల్లో ఉంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వంద గుత్తులు కొలిస్తే సంగతి తెలుస్తుంది. సున్నపు గవ్వలోనే అయోడిన్‌ను కొలిచే పద్ధతి కూడా ఉంది. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో అయోడిన్ అయోడేట్ రూపంలో ఉంటుంది, సున్నపు స్ఫటికంలోకి ఆ రూపమే చొరబడుతుంది. ఆక్సిజన్ పోతే అది అయొడైడ్‌గా మారి బయటే ఉండిపోతుంది.

కోటా సంగతి ఇక్కడే ముగిస్తాను. ఆ సున్నపురాయి జురాసిక్‌ది. చేపల శిలాజాలకు పేరున్నది, ఆస్ట్రకాడ్‌లూ దొరుకుతాయి. కానీ దాన్ని ఎక్కువమంది మంచినీటి సరస్సు రాయిగానే చదువుతారు. నీ సముద్రం ప్రశ్నకు అది జవాబివ్వదు. పైగా ఆస్ట్రకాడ్‌లతో ఆక్సిజన్ చదివే పాత పద్ధతి ఒకటుంది: ప్లాటికోపిడ్ వర్గం ఎక్కువైతే ఆక్సిజన్ తక్కువని. అది సముద్రానికి సంబంధించినదే, అది కూడా ఇప్పుడు బలహీనపడింది. ఆ వర్గం పెరగడానికి తిండి రకం కారణం కావచ్చని గట్టి విమర్శలు వచ్చాయి. దాని మీద ప్రాజెక్టు కట్టకు. సింగరేణి బొగ్గు పొరల షేల్‌లు కూడా వద్దు, అవి నదులు, చిత్తడి నేలలవి.

ఇక పాకాల.

ఇక్కడ దొరకగల సూక్ష్మశిలాజాలు రెండు రకాలు, వాటిని వెతికే చోట్లూ రెండు. డోలమైటు (మెగ్నీషియం చేరిన సున్నపురాయి), సున్నపురాళ్ళలో స్ట్రోమటోలైట్లు (సూక్ష్మజీవుల పొరలు పేర్చిన దిబ్బలు) ఉన్నచోట నల్లటి చెర్టు (సిలికా రాయి) కణుపులు, పొరలు కనబడితే వదలకు. సిలికా తొందరగా గట్టిపడి సూక్ష్మజీవుల ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. పలచటి కోత తీయించి మైక్రోస్కోపు కింద చూడు: దారాల్లాంటివి, గోళాల గుంపులు. ఎక్కువగా సయనోబాక్టీరియా పొరలే వస్తాయి. రెండోది ముదురు బూడిద రంగు షేల్. దాన్ని ఆమ్లాల్లో కరిగిస్తే సేంద్రియ గోడ ఉన్న గోళాలు మిగులుతాయి, వాటిని అక్రిటార్కులు అంటారు. ఈ పనికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. అది చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, కానీ లోపలికి దిగి ఎముకలోని కాల్షియంను లాగేస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. సరైన ఫ్యూమ్‌హుడ్, పక్కనే కాల్షియం గ్లూకొనేట్ జెల్, అనుభవం ఉన్న మనిషి, ఈ మూడూ లేని కాలేజీ ల్యాబ్‌లో ఆ సీసా మూత కూడా తీయకు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి చోట్ల ఈ పని రోజూ జరుగుతుంది. మీ గైడ్ గారి చేత ఉత్తరం రాయించు.

సయనోబాక్టీరియా దొరికితే సంబరపడి ‘ఆక్సిజన్ ఉంది’ అని రాసేస్తావేమో, ఆగు. అవి ఆక్సిజన్ తయారుచేస్తాయి, నిజమే. తయారైనది నీళ్ళలో మిగిలిందా, కరిగి ఉన్న ఇనుము, సల్ఫైడు దాన్ని మింగేశాయా అన్నది వేరే లెక్క. పగలు పొర మీద ఆక్సిజన్ బుడగలు కట్టి, రాత్రికి అదే పొర లోపల ఒక్క అణువు కూడా లేకుండా పోవడం ఈనాటి సూక్ష్మజీవుల పొరల్లో మామూలే. తయారీదారు శిలాజం నిల్వ ఎంతో చెప్పదు. వాడుకునేవాళ్ళ శిలాజం కావాలి, అంటే కేంద్రకం ఉన్న కణాలవి. పెద్ద గోళం, గోడ మీద నగిషీ, ముళ్ళు, గొట్టాలు ఉన్నవైతే ఆ వర్గమని ధైర్యంగా అనొచ్చు. సాదా గోళమైతే అనలేం.

అప్పుడు కూడా అంకె రాదు. 2014లో డెన్మార్క్ వైపు నీళ్ళలోని ఒక స్పాంజిని ల్యాబ్‌లో పెట్టి ఆక్సిజన్ తగ్గిస్తూ పోతే, ఇవాళ్టి గాలి స్థాయిలో 0.5 నుంచి 4 శాతం ఉన్నా బతికింది. ఒక జంతువే అంత తక్కువతో గడుపుకుంటే, ఒకే కణం ఉన్న జీవి కనబడిందని నువ్వు ఏ అంకె వేస్తావు? పాకాల కాలం నాటి గాలిలో ఆక్సిజన్ ఎంతో మీద ఇప్పటికీ తగువే. ఇవాళ్టి స్థాయిలో 0.1 శాతం అనేవాళ్ళ నుంచి 10 శాతం అనేవాళ్ళ దాకా ఉన్నారు. వంద రెట్ల తేడా. ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఆ తగువు తీర్చదు, తీర్చనక్కర్లేదు.

నీ ప్రాజెక్టు చేయగలిగిన పని ఒకటుంది, అది నిజంగా విలువైనది. ఉత్తర ఆస్ట్రేలియాలో రోపర్ రాళ్ళు అని ఉన్నాయి, సుమారు 150 కోట్ల ఏళ్ళవి, అంటే పాకాలకు దగ్గరి వయసు. 2001లో జావో, నోల్, వాల్టర్ అనే పరిశోధకులు అక్కడి అక్రిటార్కులను ఒడ్డు నుంచి లోతు వరకు వరుసగా చూశారు. తీరానికి దగ్గరి నీళ్ళలో రకాలు ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తక్కువ. ఇలాంటి అమరికను పైన ఆక్సిజన్ ఉన్న పలుచటి నీటి పొర, కింద ఆక్సిజన్ లేని నీరు అన్న చిత్రంతో కలిపి చదవొచ్చు. నువ్వూ అదే ప్రశ్న వేసుకో: ఒకే కాలపు పొరల్లో అలలు తాకిన రాయిలో ఏ రకాలున్నాయి, అల చేరని లోతు రాయిలో ఏవి? ఆక్సిజన్ ఎంత అని కాకుండా, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి సూక్ష్మశిలాజాలకు ఉంది.

ఆ జవాబును ఖాయపరచడానికి షేల్‌లో ఇనుము రూపాలు కొలిపించు. మొత్తం ఇనుములో చురుగ్గా చర్య జరిపే రూపాల వాటా 0.38 దాటితే ఆ నీళ్ళలో ఆక్సిజన్ లేదని, అందులోనూ పైరైట్ వాటా 0.7–0.8 దాటితే సల్ఫైడు నిండిందని చదువుతారు. అయోడిన్ పద్ధతి మాత్రం నీ డోలమైటులో జాగ్రత్త. సున్నపురాయి డోలమైటుగా మారేటప్పుడు అయోడిన్ పోతుంది, తక్కువ వచ్చిందంటే సముద్రం తప్పో తర్వాతి మార్పు తప్పో తేలదు. ఎక్కువ వస్తే మాత్రం నమ్మొచ్చు. గ్లాకోనైట్‌ను కూడా గమనించు. అందులో ఇనుము ఆక్సిజన్ తగిలిన రూపంలోనూ, తగలని రూపంలోనూ ఉంటుంది. ఆక్సిజన్ పూర్తిగా ఉన్నచోటా, పూర్తిగా లేనిచోటా కాకుండా, ఆ రెంటి సరిహద్దులో అది పుడుతుంది. ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ సున్నపురాళ్ళలో ఉన్న మాంగనీసు పొరల వెనకా ఇలాంటి రసాయనమే: ఆక్సిజన్ తక్కువ నీళ్ళలో మాంగనీసు కరిగి తిరుగుతుంది, ఆక్సిజన్ తగిలినచోట దిగిపోతుంది. మన ఉత్తర తెలంగాణలో ఈ కథకు సాక్షులు శిలాజాల కంటే ఖనిజాల్లోనే ఎక్కువ.

బొరియలు లేవు, పొరలు చెదరలేదు, కాబట్టి ఆక్సిజన్ లేదు అనే వాదన పాకాల రాళ్ళ మీద చెల్లదు. క్రెటేషియస్ షేల్‌లో అది మంచి వాదన. పాకాల సముద్రంలో మట్టిని కలియబెట్టే పురుగే పుట్టలేదు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా పొరలు చెదరవు. దీన్ని మరిచిపోయి రాసిన థీసిస్‌లు ఉన్నాయి, నీది ఆ వరుసలో చేరనివ్వకు.

నమూనాల సంగతి. గుట్ట మీద ఎండకూ వానకూ ఎర్రబడ్డ రాయి ఎంత తేలిగ్గా ఊడొచ్చినా తీసుకోకు. అందులో పైరైట్ తుప్పుగా మారిపోయి ఉంటుంది, సేంద్రియ గోడలు కాలిపోయినట్టు ఉంటాయి, ఇనుము రూపాలన్నీ తారుమారు. కొత్తగా పగలగొట్టిన క్వారీ ముఖమో, ఎక్కడైనా భద్రపరిచిన డ్రిల్ కోరో (బోరు వేసి తీసిన రాతి కడ్డీ) చూడు. సిమెంటు క్వారీల్లో మేనేజరును అడిగితే తరచు ఒప్పుకుంటారు, హెల్మెట్ మాత్రం నీదే తీసుకుపో. పాకాల చెరువు చుట్టూ అభయారణ్యం. అక్కడ సుత్తి ఎత్తాలంటే ముందు అటవీశాఖ అనుమతి కాగితం జేబులో ఉండాలి.

ఫొరామ్‌ల మీద చెయ్యి తిరగాలన్న కోరిక నిజంగా ఉంటే, సెలవుల్లో విజయవాడ మీదుగా గోదావరి జిల్లాలకు రైలెక్కు. దుద్దుకూరు దగ్గర దక్కన్ లావా కింద క్రెటేషియస్ చివరి సముద్రపు సున్నపురాయి ఉంది. అంతకంటే పాతదైన రాఘవాపురం షేల్‌లో ఇసుక రేణువులతో గూడు కట్టుకునే ఫొరామ్‌లే ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ నీకు మంచి పరీక్ష ఎదురవుతుంది: సున్నపు గవ్వలు అసలే లేవా, లేక కుళ్ళిన మట్టిలోని ఆమ్లం వాటిని తర్వాత కరిగించేసిందా? కైహో సూచీ సున్నపు గవ్వల మీదే ఆధారపడింది కాబట్టి, కరిగిపోయిన చోట అది మూగబోతుంది. దాంతోపాటు కాకినాడ తీరం నుంచి ఒక డబ్బా మట్టి తెచ్చుకుని 63 మైక్రాన్ల జల్లెడలో కడిగి, తడి కుంచెతో ఏరడం నేర్చుకో. వెయ్యి గవ్వలు ఏరినవాడికి, ఏరనివాడికి కంటిలో తేడా ఉంటుంది.

ప్రాజెక్టు పేరు మార్చమని గైడ్ గారిని అడుగు. ‘పాకాల సముద్రంలో ఆక్సిజన్ పరిమాణం’ అని కాక, ‘ములుగు, మల్లంపల్లి రాళ్ళలో లోతును బట్టి సూక్ష్మశిలాజాల, ఇనుము రూపాల మార్పు’ అని పెట్టండి. పలచటి కోతల ఫొటోలు నాకు పంపేటప్పుడు ప్రతిదాని మీదా స్కేలు గీత ఉండాలి. 10 మైక్రాన్ల గోళం, 100 మైక్రాన్ల గోళం ఫొటోలో ఒకేలా కనబడతాయి, మొదటిది బాక్టీరియా కావచ్చు, రెండోది కాకపోవచ్చు.